గడ్డం లోపలికి

చనిపోయినవాళ్ల నోరు తెరుచుకోకుండా గడ్డం కింది నుంచి నడినెత్తి మీదికి ఒక గుడ్డ కడతారు. లింగంపల్లిలో ఫైట్ మాస్టర్‌ను ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు ఆ గుడ్డ కట్టింది ఆయన పెంచిన పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు, చెంపల దగ్గర జుట్టు నెరుస్తున్న మనిషి. ముడి వేసి చూసింది. సరిపోలేదన్నట్టు విప్పింది. ఆయన గడ్డాన్ని రెండు వేళ్లతో ఛాతీ వైపు ఇంకొంచెం వంచి, మళ్లీ బిగించి కట్టింది. చుట్టూ నిలబడ్డ సినిమా ఫైటర్లలో ఎవరో గొంతు తగ్గించి, "గడ్డం లోపలికి" అన్నారు. ఏడుస్తున్నవాళ్లు నవ్వారు. నవ్వినందుకు మళ్లీ ఏడ్చారు.

ఆయన ఎవరికైనా నేర్పే మొదటి మాట అదే. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకుంటే తల వెనక భాగం నేలకు తగలదు. ప్రాణం పోదు. మిగతావి విరిగినా అతుక్కుంటాయి. ఆ మాట ఆయనకు పలకరింపు కూడా. సిటీ బస్సు డ్రైవర్ బ్రేకు కొడితే ముందు సీట్లో ముసలావిడకు చెప్పేవాడు. నా స్కూటర్ వెనక కూర్చుంటే గుంత వచ్చినప్పుడల్లా నాకు చెప్పేవాడు. ఒక పెళ్లిలో, అక్షింతల కోసం తల వంచిన పెళ్లికొడుకును చూసి, "గిట్లనే ఉంచు బిడ్డా, జిందగీ మొత్తం" అన్నాడు.

ఆయన ముక్కు ఎన్నిసార్లు విరిగిందో గానీ, ఏ పక్క నుంచి చూస్తే ఆ పక్కకే ఒరిగినట్టు కనిపించేది. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుక మొలవని గీత. చెవి కింద కుట్ల వరస. ఒక్కో మచ్చను ఒక్కో హీరో పేరుతో పిలిచేవాడు. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు వాళ్లందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ గీసుకునేవాడని ఆయన భార్య చెప్పేది.

తొంభైల చివర్లో ఆదివారం పొద్దున టీవీలో పిల్లల సీరియల్ ఒకటి వచ్చేది. నలుగురు పిల్లలకు అతీత శక్తులుంటాయి. ఒక గురువు వాళ్లను కన్నబిడ్డల్లా సాకి, విద్య నేర్పి, దుష్టుల మీదికి పంపుతుంటాడు. అది చూసి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక పిల్లవాడు భుజాలకు తువ్వాలు కట్టుకుని మేడ మీది నుంచి దూకాడు. కాలి ఎముక రెండుచోట్ల విరిగింది. పత్రికకు రాద్దామని నేను వెళ్లేసరికి వాడి తల్లి వంటింట్లో నుంచే మాట్లాడింది. "రాయడానికి ఏముందండీ. ఆ సీరియల్ తీసేవాళ్లను ఒక్కసారి మా ఇంటికి పంపండి. వాళ్ల కాళ్లు నేను విరగ్గొడతాను, అప్పుడు రాసుకుందురుగాని."

సీరియల్ తీస్తున్నది రాయదుర్గం గుట్టల్లో. అటు మాదాపూర్ వైపు కొత్తగా అద్దాల మేడ లేచింది. దాని చుట్టూ ఇంకా లేవాల్సినవాటి కోసం గుట్టల్ని రోజూ మందు పెట్టి పేలుస్తున్నారు. గాలిలో ఎప్పుడూ రాతిపొడి, మందు వాసన. దర్శకుడు కోనసీమ నుంచి వచ్చిన కుర్రాడు. యుద్ధ వాతావరణం ఖర్చు లేకుండా దొరుకుతోందని సంబరపడుతుండేవాడు.

నేను అక్కడికి చేరేసరికి మాస్టర్ ఒక ఆడపిల్లను రెండు చేతులతో తల పైకెత్తి ఇసుక కుప్ప మీదికి విసురుతున్నాడు. పదేళ్లుంటాయేమో. జుట్టు మగపిల్లల్లా కత్తిరించి ఉంది. ఆ పిల్ల దొర్లి, లేచి, పెదవి మీది రక్తం మోచేత్తో తుడుచుకుని, మళ్లీ వచ్చి ఆయన ముందు నిలబడింది. మళ్లీ విసిరాడు. ఈసారి సరిగ్గా పడినట్టుంది, తల మీద ఒక మొట్టికాయ వేసి పంపాడు. అది మెప్పుకోలు అని తర్వాత అర్థమైంది.

కూకట్‌పల్లి సంగతి చెప్పాను.

"ఎట్ల పడ్డడు సార్?" అన్నాడు.

"మేడ మీది నుంచి."

"అది అడుగుతలే. కాళ్ల మీద పడ్డడా, పక్కకు పడ్డడా?"

తెలియదన్నాను.

"కాళ్లు బిగవట్టి ఉంటడు. మేము టీవీల దూకుడు జూపిస్తున్నం, పడుడు జూపిస్తలేము. గాల్లో ఉండంగనే కట్ జేస్తున్నం." చేతుల ఇసుక దులుపుకుని, "ఆమె నన్ను గొడ్తనన్నదా?" అని అడిగాడు.

"కాళ్లు విరగ్గొడతానంది."

"హక్కుంది. ఇల్లెక్కడనో జెప్పు."

మాటవరసకు అన్నాడనుకున్నాను. తర్వాతి వారం భుజం రుద్దుకుంటూ కనిపించాడు. "పోయినగా. అప్పడాల కర్ర తోని ఒక్కటిచ్చింది. మెల్లగనే. మర్యాదస్తురాలు, అంతకు ముందు ఎవల్నన్న కొట్టిందో లేదో. నేను గుమ్మంల ఎగిరి ఎల్లెలకల పడ్డ."

"మెల్లగా కొడితే పడటం ఎందుకు?"

"కొట్టుడు తోని అయితదా సార్? పడెటోడు పడితేనే దెబ్బకు ఇజ్జత్. ఈ హీరోలను హీరోలను చేసింది ఎవలనుకున్నవ్? మేం పడుతున్నం కాబట్టి ఆళ్లు కొడుతున్నట్టు." ఆమె హడలిపోయి నిమ్మరసం ఇచ్చిందట. కుర్రాడికి మంచం మీదే పక్కకు దొర్లడం చూపించి, కట్టు విప్పాక చేయమని చెప్పి వచ్చాడట. "కోపం దిగింది పాపం ఆమెకు. అట్లనే లోపల పెట్టుకుంటే ఒంటికి మంచిది గాదు."

తెర మీద శక్తులున్న నలుగురూ డబ్బున్న ఇళ్ల పిల్లలు. ముఖం దగ్గరగా చూపించాల్సినప్పుడు వాళ్లు, ఎగరాల్సినప్పుడు, తన్నులు తినాల్సినప్పుడు మాస్టర్ దగ్గర నేర్చుకునే పిల్లలు. అందరిలోకీ పెద్ద హీరో ఒక మగపిల్లవాడు. వాడి బదులు దూకేది ఈ ఆడపిల్ల. మాస్టర్‌తో పాటు ఫైటర్‌గా చేసి, ఒక సినిమాలో గుర్రం కింద పడి చనిపోయిన స్నేహితుడి కూతురు. రబ్బరు కట్టిన పంగలకర్రతో పిట్టల్ని కొడతారు చూడండి, దాన్ని అక్కడ గులేరు అంటారు. ఆ పేరే పెట్టాడు పిల్లకు. వదిలితే రాయిలా పోతుందని.

ఇంట్లో ఆ పిల్ల ఆయన్ని, చిన్నాన్నను పిలిచినట్టు, కాకా అని పిలిచేది. షూటింగ్ వ్యాన్ దిగితే మాస్టర్ అనాలి. మరిచిపోయి కాకా అంటే పిక్కల మీద చింతబరికె. "ఈడ నేను కాకను గాదు. కాకకు దయ ఉంటది. దయ ఉన్నోని చేతుల దూకితే సస్తవ్" అనేవాడు. సాయంత్రం వ్యాన్ ఎక్కాక అదే పిల్ల ఆయన తొడ మీద తలపెట్టి నిద్రపోయేది. పిక్కల మీది వాతలకు ఆయన కొబ్బరినూనె రాస్తూ కూర్చునేవాడు.

సీరియల్లో గురువు వేషం వేసేది ఒక రంగస్థల నటుడు. తెల్లటి విగ్గు, కాషాయం. "శక్తి కన్నా ముందు మీకు ప్రేమ నేర్పాను బిడ్డలారా" అని నలుగురి తలలూ నిమిరేవాడు. షాట్ అయిపోగానే రుమాలుతో చేతులు తుడుచుకునేవాడు, తలనూనె అంటిందని. గులేరు ఒకసారి అదంతా చూసి అడిగింది. "మాస్టర్, నువ్వెందుకు గట్ల మాట్లాడవ్?"

"ఆయనకు రాసిస్తరు. నాకెవడు రాసిస్తడు?"

మాస్టర్ మెడలో నల్లతాడుకు ఇత్తడి విజిల్ ఉండేది. ఆయన చదువంతా ఆ విజిల్లోనే ఉంది. అది మోగితే దూకాలి. కిందికి చూడకూడదు, వెనక్కి చూడకూడదు, ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా ఆగకూడదు. ఆగిన పిల్లకు బరికె. చూసిన పిల్లకు చెంపదెబ్బ. వారాల తరబడి ఇసుక మీద, గడ్డి మీద, చెరువు నీళ్లలో అదే. చివరికి వాళ్లు అన్నం తింటున్నా విజిల్ వింటే ముద్ద వదిలేసి మోకాళ్లు వంచేవాళ్లు. అది చూసి మాస్టర్ మురిసిపోయేవాడు.

పిల్లల్ని ఇంతలా కొట్టాలా అని అడిగితే, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ ఒక సంగతి చెప్పాడు. ఆయన పుట్టింది ఆ గుట్టల్లోనే, రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల్లో. "మందు పెట్టినంక ఒక విజిల్ ఊదుతరు సార్. అందరు నేల మీద పండుకోవాలె. పేలినంక ఇంకో విజిల్. అప్పుడు లేవాలె. ఒకనాడు విజిల్ ఇనంగనే మా నాయిన నన్ను కిందేసి మీద పండిండు. గానీ రాళ్లు ఎటొస్తున్నయో చూద్దామని తల లేపిండు. నుదుటికి తాకింది. నా మెడ మీద వెచ్చగ కారుతున్నది. నాకు ఎరుకైంది. అయినా రెండో విజిల్ దాకా నేను కదల్లే." బిస్కెట్ తెగి చాయ్‌లో పడింది. వేలితో తీసుకుని తిన్నాడు. "చూసినోడు పోయిండు. చూడనోన్ని నేనున్న. గంతే నాకు తెలిసిన చదువు."

ఆయన నమ్మకం అంత గట్టిది. దానికి పునాది తండ్రి రక్తం.

ఒకరోజు నేను వెళ్లేసరికి తీయబోతున్న షాట్ ఇది. రాక్షసుడి కోట పేలిపోతుంటే చిన్న హీరో కొండ అంచు మీది నుంచి దూకాలి. రెండంతస్తుల ఎత్తున్న బండ. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసి తాళ్లతో కడతారు. పెట్టెలు నలిగి పడ్డవాళ్ల బరువును మింగేస్తాయి. గులేరు హీరో ఎర్ర బట్టలు వేసుకుని బండ మీదికి ఎక్కింది. బండ ముందుకు పొట్టలా ఉబ్బి ఉండటంతో పైనుంచి కిందిదేదీ కనిపించదు. కనిపించినా చూసే పిల్ల కాదు.

పెట్టెలు పేర్చాక దర్శకుడికి ఇంకో ఆలోచన వచ్చింది. కెమెరాను ఇటు జరిపితే వెనక అద్దాల మేడ కూడా పడుతుందని. "మాస్టారూ, పెట్టెలు కొంచెం ఎడమకి జరిపిద్దామండీ. ఎండ నడినెత్తికి వచ్చేస్తోంది." ఫైటర్లు తాళ్లు విప్పారు. పరుపులు ఒక పక్క, పెట్టెలు ఒక పక్క. బండ కింద నేల నున్నగా, రాళ్లు తేలి ఉంది. మాస్టర్ అక్కడే నిలబడి ఎటు జరపాలో చెబుతున్నాడు. విజిల్ ఆయన ఛాతీ మీద వేలాడుతోంది.

అప్పుడు విజిల్ మోగింది, గుట్ట అవతలి క్వారీలో. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ పేల్చేవాళ్లు. ఆ రోజు పెందలాడే పేలుస్తున్నారు.

ఆ విజిల్ వింటే నేల మీద పడుకోవాలని మాస్టర్ ఒళ్లు చిన్ననాడే నేర్చుకుంది. ఆయన మోకాళ్లు వంగడం నేను చూశాను. అంతలో తల పైకెత్తాడు. ఎరుపు బట్టల పిల్ల అప్పటికే గాల్లో ఉంది. చేతులు చాచి, కళ్లు దూరంగా పెట్టి, ఆయన నేర్పినట్టే, తప్పు లేకుండా.

ఆయన పడుకోలేదు. రెండంగల్లో ఆ పిల్ల కిందికి వెళ్లి నిలబడ్డాడు. పట్టుకోవడం కాదు అది. ఛాతీ అడ్డం పెట్టాడు. కర్ర విరిగినట్టు చప్పుడు వచ్చింది. ఇద్దరూ కలిసి దొర్లారు. ఆయన కుడి చేతి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది, తెల్లగా. పిల్ల నోరు ఆయన భుజం ఎముకకు తగిలి, ముందు పళ్లు పెదవిలోంచి దిగబడ్డాయి. అప్పుడు అవతల పేలింది. నేల అదిరింది. గుప్పెడంత రాళ్లు గుట్ట దాటి వచ్చి పడ్డాయి. ఆయన విరిగిన చేయి కింద నలుగుతున్నా పిల్ల మీద బోర్లా పడుకున్నాడు. గడ్డం లోపలికి.

రెండో విజిల్ మోగాక లేవబోయాడు, లేవలేకపోయాడు. నేనూ ఇంకొకరూ పట్టి పక్కకు తిప్పాం. ఆయన కింద ఉన్న పిల్ల నోటినిండా రక్తంతో ఒక మాట అడిగింది.

"మాస్టర్, నేను జల్ది దూకిన్నా?"

తప్పు తనదేనేమో అని అడుగుతోంది. దెబ్బ పడుతుందేమో అని అడుగుతోంది. అంబులెన్స్ రాలేదు, కంకర లారీలోనే దవాఖానకు తీసుకెళ్లాం. దారి పొడవునా ఆయన ఆ పిల్ల ముఖం కేసి చూస్తూనే ఉన్నాడు. ఎముక కనిపిస్తున్న చేతి వంక చూడలేదు.

ఆ దూకుడు చివరికి ఒక ఆదివారం టీవీలో వచ్చింది. గులేరే దూకింది. దూకే ముందు బండ అంచుకు వచ్చి కిందికి చూసి, పెట్టెల్ని ఇంకొంచెం ముందుకు జరపమని సైగ చేసింది. జరిపాక కూడా తనకు బుద్ధి పుట్టినప్పుడు దూకింది. అందాకా కెమెరా తిరుగుతూనే ఉంది. నేను చెప్పదలచుకున్నది ఆ షాట్ తీయడానికి ముందురోజు పొద్దున జరిగింది.

మాస్టర్ కుడి చేయి భుజం దాకా సిమెంటు కట్టులో ఉంది. గులేరు పై పెదవికి కుట్లు తీసిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. దర్శకుడు వేరే మాస్టర్‌ను పిలిపిస్తానని నసుగుతున్నాడు. "షెడ్యూల్ పోతుందండీ, నన్ను కూడా అర్థం చేసుకోండి." మాస్టర్ వినలేదు. "ఈ పోరికి దూకకుండ నిలబడుడు వచ్చిందాకా ఎవ్వడు షాట్ తియ్యడు. తీస్తే ఆని చెయ్యి గూడ గిట్లనే అయితది."

నేర్పిందాన్ని ఊడబీకడం నేర్పినంత సులువు కాదు. పిల్లలందరినీ ఒక అరుగు మీద నిలబెట్టి విజిల్ ఊదేవాడు. అందరూ దూకేవాళ్లు. దూకినవాళ్లను ఎడమ చేత్తో బరికె తీసుకుని కొట్టేవాడు. మళ్లీ ఎక్కించి ఊదేవాడు. మళ్లీ దూకేవాళ్లు. పిక్కలు చిట్లి రక్తం వస్తోంది. వాళ్లలో ఒకడు ఏడుస్తూ, "దూకాల్నా వద్దా, ఒక్క మాట జెప్పు మాస్టర్" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతవ్? కాళ్లు నాయా?" అని వాణ్ని ఇంకొకటి కొట్టాడు. మాటలతో చెప్పగలిగితే చెప్పేవాడే. రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు కదా.

ఒక్కొక్కరే నేర్చుకున్నారు. గులేరు ఒక్కదానికే రాలేదు. అందరికంటే బాగా నేర్చుకున్న పిల్ల అది. ఆ పొద్దున దాన్ని అదే బండ మీదికి ఎక్కించాడు. కింద పెట్టెలు, పరుపులు గట్టిగా కట్టించి, చుట్టూ తానే తిరిగి తన్ని చూసుకున్నాడు. ఊదాడు. దూకింది. కొట్టాడు. ఎక్కమన్నాడు. ఊదాడు. దూకింది. ఈసారి బరికె విరిగింది. కొత్తది తెమ్మన్నాడు. గురువు వేషగాడు కుర్చీలోంచి లేచి, "చిన్నపిల్లండీ" అన్నాడు. "చిన్నది గాబట్టే" అన్నాడు మాస్టర్, అటు తిరక్కుండానే.

మళ్లీ ఎక్కింది. ఊదాడు. పిల్ల ఒళ్లు ముందుకు ఒరిగింది. వేళ్లతో బండను పట్టుకున్నట్టు పాదాలు ముడుచుకుంది. ఆగింది.

మళ్లీ ఊదాడు. నిలబడింది.

"ఏందే, చెవులు వినవడ్తలేవా? కెమెరా తిరుగుతున్నది, దూకు."

నిలబడింది.

"మీ నాయిన గుర్రం మీదికెల్లి దూకిండు. నువ్వు గింత బండ దూకవా?" ఆ మాట నిజంగా కొట్టడం కంటే గట్టిగా తగిలింది. పిల్ల ముఖం ఎర్రబడటం కింది నుంచి కూడా కనిపించింది. ఆయన ఊపిరి అందక దగ్గు వచ్చేదాకా విజిల్ ఊదుతూనే ఉన్నాడు. ఆ చప్పుడుకి క్వారీ కూలీలు ఇద్దరు గుట్ట మీదికి వచ్చి తొంగి చూశారు.

"భయమైతున్నదా?" అని అరిచాడు.

"లే."

"మరి దూకు. కిందికి చూడకు, దూకు."

గులేరు అంచుకు వచ్చి, నడుం వంచి, కిందికి చూసింది. తీరిగ్గా చూసింది. పెట్టెల్ని, పరుపుల్ని, ఆయన్ని.

"దూక."

"ఎందుకు దూకవే?"

"నువ్వు ఊదినవని దూక."

మాస్టర్ వేళ్లలోంచి విజిల్ జారిపోయింది. ఆ పిల్ల బండ వెనక వైపు నుంచి, చేతులు ఆనించుకుంటూ, మామూలు పిల్లలు దిగినట్టు దిగింది. కుంటుకుంటూ నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. పిక్కల మీది నుంచి రక్తం మడమల దాకా కారి ఎండిపోయి ఉంది. ఆయన కట్టు చేతిని ఒకసారి చూసింది. తర్వాత మునివేళ్ల మీద లేచి, ఆయన చెంప మీద ఒక్కటి కొట్టింది.

చిన్న చెయ్యి. పొద్దుటి నుంచి తిన్న దెబ్బలతో బలం లేదు. చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. ఆయన తల కదల్లేదు.

"గురువును కొడతావటే" అంటూ కాషాయం కట్టినాయన ముందుకు దూకాడు. దర్శకుడు నోరు తెరిచాడు. మాస్టర్ ఎడమ అరచెయ్యి ఎత్తి వాళ్లిద్దరినీ ఆపాడు. ఆ పిల్లను చూశాడు. అప్పుడు ఆయన రెండు కాళ్లూ నేల విడిచాయి. ఒళ్లంతా గాల్లో ఒక చుట్టు తిరిగింది. విరిగిన చెయ్యిని పైకి ఎత్తిపెట్టి, ఎర్రమట్టిలో వెల్లకిలా, అంత దూరాన వెళ్లి పడ్డాడు. దుమ్ము లేచింది. పేరున్న హీరోలు ఎందరో కొట్టగా ఆయన పడటం తెర మీద చూశాను. ఎవరి దెబ్బకూ ఆయన అంత బాగా పడలేదు.

దుమ్ము తగ్గాక కనిపించాడు. గడ్డం లోపలికే ఉంది.

గులేరు వెళ్లి ఆయన పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి పట్టి లాగింది.

"లే కాకా."

వ్యాన్ దిగాక ఆ మాట అంటే బరికె తప్పదు. బరికె ఆయన పక్కనే పడి ఉంది.

"ఆఁ, లేస్త" అన్నాడు.